దరఖాస్తు లేఖను నమ్మించేదేమిటి?

ఉద్యోగం కోరేవారికి తమ సామర్థ్యం తెలుసు. ఇచ్చేవారికి తెలిసేది కాగితం మీద కనిపించినంతే. సమాచారంలోని ఈ అసమానతను అమెరికన్ ఆర్థికవేత్త మైకేల్ స్పెన్స్ 1973లో సంకేత సిద్ధాంతంతో విశ్లేషించాడు. 2001లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. సమర్థుడికి తేలికగా, అసమర్థుడికి భారంగా ఉండే సంకేతమే నమ్మదగినదని ఆ సిద్ధాంత సారం. ‘కష్టపడి పనిచేస్తాను’ అని ఎవరైనా రాయగలరు. కాబట్టి ఆ వాక్యం అభ్యర్థుల మధ్య తేడా చూపదు.

ఈ సూత్రానికి చక్కని ఉదాహరణ శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. లండన్‌లో పుస్తకాల బైండింగ్ నేర్చిన ఆయనకు కాలేజీ చదువు లేదు. శాస్త్రరంగంలో ఏదైనా పని ఇప్పించమని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు రాస్తే జవాబు రాలేదు. 1812 చివర్లో రసాయనశాస్త్రవేత్త హంఫ్రీ డేవీకి రాసినప్పుడు మాత్రం, డేవీ ఉపన్యాసాలు విని తాను రాసుకున్న నోట్సును బైండు చేసి లేఖతో పంపాడు. విషయగ్రహణం, శ్రద్ధ, చేతిపని మూడింటికీ అదే రుజువు. అప్పటికి ఖాళీ లేదు. కొన్ని వారాల్లో ప్రయోగశాల సహాయకుణ్ణి తొలగించవలసి రావడంతో డేవీ ఫారడేను పిలిపించాడు. 1813 మార్చిలో ఫారడే, డేవీ ప్రయోగశాల ఉన్న రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరాడు. లేఖ ఖాళీని సృష్టించలేదు. ఖాళీ ఏర్పడ్డప్పుడు గుర్తుకొచ్చే మనిషిని సృష్టించింది.

మరో ఉదాహరణ గణితవేత్త శ్రీనివాస రామానుజన్. ఆయన 1912 ఫిబ్రవరిలో మద్రాసు పోర్టు ట్రస్టుకు పంపిన గుమాస్తా దరఖాస్తు చాలా చిన్నది. మెట్రిక్యులేషన్ ప్యాసయ్యానని, ఎఫ్.ఏ. (ఫస్ట్ ఆర్ట్స్) చదువు మధ్యలో ఆగిందని, కాలమంతా గణితానికే వెచ్చిస్తున్నానని అందులో దాచకుండా చెప్పాడు. ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ సిఫార్సు జతచేశాడు. సిఫార్సు చేసేవారు తమ పేరునే పూచీ పెడతారు కనుక దాని బరువు వేరు. రామానుజన్ మార్చి 1న నెలకు 30 రూపాయల జీతంపై ఉద్యోగంలో చేరాడు.

నేడు సాఫ్ట్‌వేర్ క్షణాల్లో నున్నటి లేఖ రాసిపెడుతోంది. అంటే చక్కని భాష ఒక్కటే ఇక సంకేతం కాలేదు. కాబట్టి లేఖను ఒక్క పేజీకి పరిమితం చేసి, ముందుగా సంస్థ ప్రకటనలో అడిగిన ముఖ్యమైన పనిని గుర్తించాలి. అలాంటిదే మనం చేసిన పని ఏదో, దాని ఫలితమేమిటో, సరిచూసుకునే వీలెక్కడుందో చెప్పాలి. చదువులోనో ఉద్యోగంలోనో విరామముంటే ఒక వాక్యంలో చెప్పి, ఆ కాలంలో ఏం చేశామో పక్కనే రాయాలి. చివరగా, మరో అభ్యర్థి తన సంతకం కింద యథాతథంగా వాడుకోగల ప్రతి వాక్యాన్నీ కొట్టివేయాలి.