చేపల తొట్టికి గాలి పంపు

చేపకు కూడా గాలి కావాలి. నీళ్లలో ప్రాణవాయువు కలిసి ఉంటుంది. దాన్ని చేప మొప్పలతో పీల్చుకుంటుంది. ఆ ప్రాణవాయువు తగ్గితే చేప పైకి వచ్చి, నోరు తెరిచి ఆయాసపడుతుంది.

సికింద్రాబాదులో చాలా ఇళ్లల్లో పిల్లలు చేపల తొట్టి కావాలని మారాం చేస్తారు. తల్లి దండ్రులు ఎలాగో డబ్బు కూడబెట్టి కొంటారు. నెల తిరక్కుండానే చేపలు చచ్చి తేలతాయి. పిల్లలు ఏడుస్తారు. "మన ఇంటికి చేపలు అచ్చిరాలేదు" అనుకుంటారు పెద్దవాళ్లు. అచ్చిరాకపోవడం కాదు. గాలి చాలకపోవడం, మురికి పోకపోవడం చాలాసార్లు కారణం. ఈ రెండు పనులకూ ఒక చిన్న గాలి పంపు, ఒక స్పాంజి ఫిల్టర్ ఉంటే చాలు. అయితే పంపును చూసి కొనాలి.

గాలి ఎందుకు తగ్గుతుంది?

ముషీరాబాదు చేపల మార్కెట్లో కొర్రమీనును చూసే ఉంటారు. అది కొంచెం నీళ్లలో కూడా బతికే ఉంటుంది. ఎందుకంటే కొర్రమీను నీటి పైకి వచ్చి బయటి గాలిని కూడా పీల్చగలదు. గోల్డ్ ఫిష్‌కు ఆ శక్తి లేదు. అది నీళ్లలోని గాలి మీదే బతకాలి.

నీళ్లు వేడెక్కితే వాటిలో గాలి తగ్గుతుంది. 20 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటాయి. 30 డిగ్రీల్లో ఏడున్నర మిల్లీగ్రాములే. సికింద్రాబాదులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు చేపకు కష్టం. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లను చిలికే మరలు తిరుగుతుంటాయి. అవి కూడా నీళ్లలో గాలి కలపడానికే.

స్పాంజి ఏం చేస్తుంది?

చేపల మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. అది విషం. కంటికి కనిపించదు. నీళ్లు తేటగా ఉన్నా చేప చచ్చిపోవచ్చు.

పంపు నుంచి గాలి సన్న గొట్టంలో ఫిల్టర్‌కు వస్తుంది. బుడగలు పైకి లేస్తాయి. వాటితో పాటు నీళ్లూ పైకి పోతాయి. ఆ ఖాళీలోకి చుట్టుపక్కల నీళ్లు స్పాంజి గుండా వస్తాయి. మురికి స్పాంజిలో ఆగిపోతుంది. స్పాంజి రంధ్రాల్లో మేలు చేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పాలను పెరుగు చేసే జీవుల్లాగా ఇవీ మనకు మేలు చేసేవే. అమ్మోనియాను మెల్లగా తక్కువ హాని చేసే పదార్థంగా మారుస్తాయి. ఇవి బాగా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే మొదట రెండు మూడు చేపలే వేయాలి.

ఆ సూక్ష్మజీవులకు కూడా గాలి కావాలి. కొందరు చప్పుడుకు నిద్ర పట్టక, కరెంటు ఖర్చుకు భయపడి రాత్రి పంపు ఆపేస్తారు. అది చేపకు ప్రమాదం. పంపు రాత్రింబవళ్లు నడవాలి. కాబట్టి ఆపకుండా నడుపుకోగలిగిన పంపునే కొనాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

మొదటిది, తొట్టి కొలత. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలవండి. మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. తొట్టి 2 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అడుగు ఎత్తు ఉందనుకోండి. 2 × 1 × 1 = 2. 2 × 28 = 56 లీటర్లు. అంటే 15 లీటర్ల బకెట్లతో నాలుగుకు కొంచెం తక్కువ.

రెండోది, గాలి ఎంత. ఇంత తొట్టిలో ఒక స్పాంజి ఫిల్టర్‌కు నిమిషానికి 2 నుంచి 3 లీటర్ల గాలి ఇచ్చే చిన్న పంపు చాలు. డబ్బా మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నా భయపడకండి. అంకెలు మీరు నేర్చుకున్నవే. అంకె గంటకు రాసి ఉంటే 60తో భాగించండి. గంటకు 180 లీటర్లంటే నిమిషానికి 3 లీటర్లు. "పెద్దది తీసుకోండమ్మా" అని దుకాణదారు అన్నంత మాత్రాన తీసుకోనక్కర్లేదు. గాలి మరీ ఎక్కువైతే నీళ్లు సుడులు తిరిగి చిన్న చేపలు అలసిపోతాయి.

మూడోది, బలం. తొట్టి లోతు పెరిగేకొద్దీ గాలిని కిందికి నెట్టడం కష్టం. దుకాణంలోనే ఒక బకెట్ నీళ్లలో గొట్టాన్ని మీ తొట్టి లోతు వరకు పెట్టించండి. బుడగలు ఆగకుండా వస్తేనే కొనండి.

నాలుగోది, చప్పుడు. పంపు లోపల ఒక రబ్బరు రేకు అదురుతూ గాలిని నెడుతుంది. అందుకే గుయ్యిమని చప్పుడొస్తుంది. నడిపించి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. ఇంటికి తెచ్చాక మెత్తని స్పాంజి ముక్క మీద పెడితే చప్పుడు తగ్గుతుంది. గుడ్డ మాత్రం చుట్టకండి, వేడెక్కుతుంది.

ఐదోది, కరెంటు. డబ్బా మీద ఎన్ని వాట్లో చూడండి. 3 వాట్ల పంపు రోజుకు 24 గంటలు నడిస్తే 3 × 24 = 72. నెలకు 72 × 30 = 2,160. వెయ్యికి ఒక యూనిట్. అంటే నెలకు రెండు యూనిట్ల పైచిలుకు మాత్రమే. రాత్రి ఆపి మిగిల్చేది ఒక్క యూనిట్. దానికోసం చేపల ప్రాణం తీయాలా?

నీళ్లు, కరెంటు: జాగ్రత్త

పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి. కింద పెడితే, కరెంటు పోయినప్పుడు తొట్టిలోని నీళ్లు గొట్టం గుండా పంపులోకి వస్తాయి. పంపు పాడవుతుంది. షాక్ కూడా కొట్టవచ్చు. ఎత్తులో పెట్టడం కుదరకపోతే చెక్ వాల్వ్ అనే చిన్న బిళ్ల కొనండి. దాన్ని గొట్టం మధ్యలో సరైన వైపుకు తిప్పి పెట్టాలి. అది గాలిని పోనిస్తుంది, నీళ్లను వెనక్కు రానివ్వదు. పంపుతో పాటే దీన్ని అడిగి తీసుకోండి.

వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి రావాలి. అప్పుడు వైరు మీద జారిన నీటి చుక్క ప్లగ్గులోకి పోదు, కింద పడుతుంది. తొట్టిలో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీయాలి. తడి చేత్తో స్విచ్ ముట్టకూడదు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి.

గాలివానకు కరెంటు పోతే మేత వేయకండి. మగ్గుతో తొట్టి నీళ్లే తీసి, కొంచెం ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోస్తుండండి. నీళ్లలో గాలి కలుస్తుంది. బ్యాటరీ పంపులు కూడా దొరుకుతాయి.

స్పాంజిని కుళాయి నీళ్లతో కడగకూడదు. నగరపు కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మేలు చేసే సూక్ష్మజీవులను చంపుతుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే స్పాంజిని మెల్లగా పిండండి. తొట్టిలో పోసే కొత్త నీళ్లను ఒక రోజు ముందే బకెట్‌లో మూత లేకుండా ఉంచండి.

లెక్క చేయండి

1. తొట్టి పొడవు 3 అడుగులు, వెడల్పు 1 అడుగు, ఎత్తు 1 అడుగు. ఎన్ని లీటర్లు పడతాయి?
2. 5 వాట్ల పంపు రాత్రింబవళ్లు నడిస్తే 30 రోజులకు ఎన్ని యూనిట్లు కాలుతుంది?
3. డబ్బా మీద గంటకు 240 లీటర్లని ఉంది. నిమిషానికి ఎన్ని లీటర్లు?

జవాబులు కాగితం మీద రాసుకోండి. దుకాణానికి వెళ్లేటప్పుడు మీ తొట్టి కొలత కూడా రాసుకుని వెళ్లండి. కాగితం చేతిలో ఉంటే ఏది కొనాలో మీకే తెలుస్తుంది.