గుడిలో కరెంటు పని: ఎవరు చేయవచ్చు, ఎందుకు?



గత ఉగాది రోజున ప్రసాదాల హాల్లో ఒక ప్లగ్ పాయింటు కాలి నల్లబడిన సంగతి మీలో చాలామందికి తెలుసు. పులిహోర వేడిగా ఉంచే వార్మరు, దోసెల పెనం రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించాం. బ్రేకర్ పడిపోతే రెండుసార్లు మళ్లీ ఎక్కించాం కూడా. పొరపాటు మాదే. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ తర్వాత ఈఈఈ చదివిన సభ్యులు కొందరు, "శనివారం వచ్చి రెండు కొత్త పాయింట్లు వేసేస్తాం, ఖర్చు ఎందుకు?" అన్నారు. మేము వద్దన్నాం. కొందరు నొచ్చుకున్నారు. మా కారణం చెప్పడం మా బాధ్యత.

ముందు లెక్క

మన ఊళ్లో కరెంటు 230 వోల్టులు, ఇక్కడ హ్యూస్టన్‌లో మామూలు పాయింట్లకు 120. 1500 వాట్ల పెనం అక్కడ ఆరున్నర ఆంపియర్లు తీసుకుంటే, ఇక్కడ పన్నెండున్నర తీసుకుంటుంది. అలాంటివి రెండు కలిస్తే 25. మన హాల్లో ఆ లైను 20 ఆంపియర్లకే. అక్కడి అలవాటు ఇక్కడ పనికిరాదు.

లైసెన్సు ఎవరిది?

టెక్సస్‌లో 2004 నుంచి ఎలక్ట్రీషియన్లకు లైసెన్సు రాష్ట్రమే ఇస్తోంది. ఆ శాఖను టీడీఎల్ఆర్ అంటారు. మెట్లు ఇలా ఉంటాయి:

• అప్రెంటిస్: పని నేర్చుకునేవారు. లైసెన్సున్నవారు పక్కన ఉంటేనే చేయాలి.
• జర్నీమ్యాన్: 8,000 గంటల అనుభవం, పరీక్ష. అంటే దాదాపు నాలుగేళ్ల పని.
• మాస్టర్: 12,000 గంటలు, రెండేళ్లు జర్నీమ్యాన్‌గా ఉండటం, మరో పరీక్ష.
• కాంట్రాక్టర్: పని ఒప్పుకునే సంస్థ. దానికి ఒక మాస్టర్ ఉండాలి. ఒక్కో ప్రమాదానికి కనీసం 3 లక్షల డాలర్ల బీమా ఉండాలి.

రెసిడెన్షియల్ వైర్‌మన్ అని ఇంకొకటి ఉంది. దానికి 4,000 గంటలు చాలు, కానీ అది ఇళ్లకే. మీ ఇంట్లో చక్కగా పనిచేసిన మనిషికి గుడిలో చేసే అర్హత ఉండకపోవచ్చు. ఇంజనీరింగ్ డిగ్రీ వీటిలో దేనికీ బదులు కాదు. మనలో ఎమ్మెస్ చేసినవాళ్లం కూడా ఇక్కడ అప్రెంటిస్ మెట్టు కిందే!

నగరం పని ఏమిటి?

లైసెన్సు మనిషికి, పర్మిట్ పనికి. కొత్త లైను లాగాలంటే కాంట్రాక్టర్ నగరం నుంచి పర్మిట్ తీసుకోవాలి. పని అయ్యాక ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. మన సాఫ్ట్‌వేర్‌వాళ్లకు ఇది కొత్త కాదు. ఎంత అనుభవం ఉన్నా మన కోడ్ ఇంకొకరు చూడకుండా లైవ్‌కు వెళ్లదు కదా. అక్కడ తప్పు జరిగితే వెనక్కి తీసుకోవచ్చు. గోడలో వైరు కాలితే ఆ అవకాశం లేదు. పైగా పర్మిట్ లేని పని వల్ల నిప్పు అంటుకుంటే బీమా కంపెనీ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది సొసైటీయే.

మీ ఇంటి సంగతి

సొంత ఇంట్లో, మీరు ఉంటున్న ఇంట్లో, నగర నిబంధన అడ్డురాకపోతే మీ పని మీరు చేసుకోవడానికి రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు. పర్మిట్ సంగతి మాత్రం ముందే నగరాన్ని అడగండి. అద్దెకిచ్చిన ఇంటికి ఈ వెసులుబాటు లేదు. ఎవరినైనా పిలిస్తే లైసెన్సు నంబరు అడిగి, టీడీఎల్ఆర్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. రెండు నిమిషాల పని. నంబరు వాళ్ల బిల్లు మీద, వ్యాను మీద కూడా ఉండాలి. అడిగితే మొహమాటం అనుకోవద్దు. నిజమైన ఎలక్ట్రీషియన్ నొచ్చుకోరు.

దీపావళికి మీ సాయం

సీరియల్ లైట్లు ఉన్న పాయింట్లకు తగిలించడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ సేవకు అందరూ రండి. ఈఈఈ మిత్రులారా, ఏ స్టాలుకు ఎన్ని వాట్లు, ఏ పాయింటు ఏ బ్రేకర్‌ది అని పట్టిక వేసివ్వండి. ఉగాదినాడు మాకు లేనిది అదే. బ్రేకర్ పడితే మళ్లీ ఎక్కించకుండా మాకు చెప్పండి. కొత్త పాయింట్లను లైసెన్సున్న కాంట్రాక్టర్ చేత పర్మిట్‌తోనే వేయిస్తాం.

సెలవు,
భవన నిర్వహణ వాలంటీర్లు