చలికాలమున ఎలుకలు ఇండ్లలోనికి చొరకుండ చేయవలసిన పనులు

వానకారు పంట కోతకు వచ్చువరకు చేలలోని ఎలుకలకు తిండియు మరుగును సమృద్ధిగ నుండును. మార్గశిరమునందు కోతలు ముగిసి పొలములు బోడివడినతోడనే ఆ రెండును పోవును. అదే సమయమున ధాన్యము బండ్లమీద ఇంటికి చేరును. రాత్రులు చలియు హెచ్చును. కావున ఎలుకలు పంటవెంట గ్రామములోనికి వచ్చుటలో వింత లేదు. అవి యిల్లు చేరిన పిమ్మట చంపుటకు పడు శ్రమకంటె, పంట రాకమునుపే కార్తికమాసమున రంధ్రములను మూయుట చాల తేలిక. ఈ పత్రమున ముఖ్యముగ చెప్పదలచినది ఇదియే.

పెద్ద ఎలుక దినమునకు తన బరువులో సుమారు పదవవంతు తిండి తినును. 150 గ్రాముల బరువుగల ఎలుకలు పది యొక యింట నున్నచో సంవత్సరమునకు 50 కిలోగ్రాములకు పైగా ధాన్యము వాటిపాలగును. పెంటికలతోను మూత్రముతోను చెడునది దీనికి అదనము. ఆడ ఎలుక మూడువారములు మోసి ఈతకు ఆరు మొదలు ఎనిమిది పిల్లలను పెట్టును; ఆ పిల్లలు రెండు మూడు మాసములకే ఈతకు వచ్చును. అన్నిటికంటె విచారింపదగినది విత్తనము. మొలకభాగమును కొరికిన గింజ చూపునకు మంచిదివలె నున్నను నేలలో మొలవదు. తిండిగింజలు పోయినచో కొనవచ్చును. విత్తనము పోయినచో ఏండ్లతరబడి కాపాడుకొన్న రకమే చేజారవచ్చును.

ఇంటిలో చేరు జాతులన్నియు ఒకే త్రోవను రావు. పందికొక్కు పునాదిక్రిందుగ త్రవ్వుకొని వచ్చి, ధాన్యమును తన కలుగులోనికి మోసికొనిపోయి నిలువచేయును. నల్ల ఎలుక చెట్టుకొమ్మను, తీగెను పట్టుకొని ప్రాకి పెంకులసందున అటుకమీదికి దిగును. చిట్టెలుకకు పావంగుళపు సందు చాలును. చుంచును మాత్రము వీటితో చేర్చరాదు. పొడుగుమూతియు దుర్వాసనయుగల యీ జంతువు బొద్దింకలను, పురుగులను తిని మేలే చేయును.

సాయంకాలమున కన్నములన్నిటిని తడిమట్టితో మూసి మరునాటి యుదయమున చూచినచో, తెరచియున్నవే ఎలుకలు తిరుగు కన్నములని తెలియును. అయితే మట్టిపూత నిలువదు. ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక అది యేదో యొకటి కొరుకక మానదు. గాజుపెంకులను, కంకరను లోపలకు దట్టించి పైన సిమెంటుతో పూడ్చవలెను. తలుపుల అడుగున ఇనుపరేకు కొట్టించవలెను. తూములకును గాలిరంధ్రములకును పావంగుళమునకు తక్కువ కన్నులుగల ఇనుపజల్లెడ బిగించవలెను. సిమెంటు ఇండ్లవారు కుళాయిగొట్టములును, విద్యుత్తు తీగెలును గోడలోనికి వచ్చు చోట్లను మరువరాదు. తీగెల తొడుగును ఎలుకలు కొరికినచో నిప్పు పుట్టుటయు కలదు. కప్పుపైకి వంగిన కొమ్మలను నరికి, గడ్డివామిని ఇంటిగోడకు దూరముగ వేయవలెను.

గుమ్మిని నేలమీదనే యుంచుట చాలమందికి వాడుక. దానిని మూడడుగుల రాతికాళ్లమీద నిలిపి, ప్రతి కాలికిని పైభాగమున తొమ్మిదంగుళములు చుట్టును చాచియుండు రేకును గొడుగువలె తొడుగవలెను. పని తీరినతోడనే నిచ్చెనను తీసివేయనిచో ఈ ఖర్చంతయు వృథా. బస్తాలను బల్లలమీద, గోడకు ఎడముగ పేర్చినచో ఊడ్చుటకును, పెంటికలను కనుగొనుటకును వీలగును.

ఎలుకలు ఇదివరకే లోపల నున్నచో ముందుగ కన్నములు మూయుట తగదు. అవి యింటిలోనే చిక్కుకొనును. మొదట బోనులు పెట్టవలెను. ఎలుక గోడప్రక్కనే నడచును, క్రొత్త వస్తువును శంకించును. కావున బోనును గోడకు ఆనించి, వేయించిన వేరుసెనగలనో ఎండుచేపనో పెట్టి, రెండు మూడు రాత్రులు తలుపు పడకుండ కట్టియుంచవలెను. తిండికి అలవాటుపడిన పిమ్మట కట్టు విప్పినచో ఒక్క రాత్రిలోనే పెక్కు పడును. వరుసగ మూడు రాత్రులు క్రొత్త పెంటికలు కనబడనప్పుడు కన్నములను మూయవచ్చును.

జింకు ఫాస్ఫైడు పొలములో పనికివచ్చు మందు. నివసించు ఇంటిలో దానిని వాడుటకు మేము సమ్మతింపము. దానికి విరుగుడు లేదు. పసిపిల్లలును, పిల్లులును, కోళ్లును ఉన్నచోట ఒక్క ముద్ద దొరలినను ప్రాణాపాయము. మరియు కొద్దిగ తిని బ్రదికిన ఎలుక ఆ ఎరను మరల ముట్టదు.

పట్టిన ఎలుకలను వట్టిచేతులతో తాకక, లోతైన గోతిలో పూడ్చవలెను. కారణము తెలియకుండ ఎలుకలు చచ్చి పడుచున్నచో మరింత జాగ్రత్త వలయును. ఎలుక చల్లబడినతోడనే దాని యొంటిమీది గెంతు పురుగులు విడిచి మనుష్యులను కుట్టును. ప్లేగు ఈ విధముగనే వ్యాపించునని 1898లో సిమాండ్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. పూర్వము హైదరాబాదు సంస్థానములో చేరియుండిన బీడ్ జిల్లాలో మామ్లా గ్రామమున 1994లో మొదట ఎలుకలు రాలెను, పిమ్మట మనుష్యులకు గడ్డలు లేచెను. అట్టి గుర్తు కనబడినచో పిల్లలను, కుక్కలను ఆ చోటికి పోనీయక, ఆరోగ్యశాఖవారికి ఆ దినముననే తెలుపవలెను.