నడవడియే సాక్ష్యంగా: తెలుగు పల్లె సంఘాలలో క్రైస్తవ విశ్వాస ప్రసారం

‘సాక్షి’ అనే పదానికి కంటితో చూసినవాడు అని మూలార్థం. న్యాయస్థానంలో సాక్షి తాను చూసినదానిని చెబుతాడు. చెప్పినందుకు ఒక పక్షం ఆగ్రహానికి గురవుతాడు. తెలుగు క్రైస్తవుల వాడుకలో ‘సాక్ష్యం’ అనే మాట ఈ రెండు ఛాయలనూ నిలుపుకొంది. గృహప్రార్థన కూడికలో ఒక స్త్రీ లేచి తన బిడ్డ జబ్బు నయమైన తీరును చెప్పినా అది సాక్ష్యమే. ఒకరి నడవడిని గురించి ‘వారి సాక్ష్యం మంచిది’ అని నలుగురూ అనుకున్నా అది సాక్ష్యమే. మొదటిది వాక్కు, రెండవది వర్తన. తెలుగునాట ఈ విశ్వాసం ఒకరి నుంచి మరొకరికి చేరిన చరిత్రను రెండవ అర్థం వెలుగులో పరిశీలిస్తే, మిషనరీ చరిత్రలు ముందువరుసలో నిలిపిన ప్రసంగ వేదికల కంటే పనిబాట, బంధుత్వం, పాట, భోజనం అనేవి బలమైన ఆధారాలుగా కనిపిస్తాయి.

చర్మవ్యాపారి బాట

1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డిగ్రాంజిస్ విశాఖపట్నం చేరి తెలుగు నేర్చి సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1840లో అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో స్థిరపడ్డారు. బజారులలో ప్రసంగాలు సాగాయి, కరపత్రాలు పంచారు, బడులు పెట్టారు. అయినా దశాబ్దాల పాటు ఫలితం స్వల్పమే. నెల్లూరు కేంద్రాన్ని మూసివేయాలా అన్న చర్చ అమెరికాలోని మాతృసంస్థలో పలుమార్లు వచ్చింది. ‘ఒంటరి తార’ అన్న పేరు ఆ కేంద్రానికి ఆ చర్చల నడుమనే స్థిరపడింది.

ఈ స్థితిని మార్చినవాడు ఒక ప్రసంగీకుడు కాడు. యర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పశ్చిమాన ఉన్న తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ కులస్థుడు, చర్మవ్యాపారి. యోగమార్గ గురువుల బోధ విన్నవాడు, స్వయంగా శిష్యులు గలవాడు. వ్యాపారం పనిమీద ఉత్తరంగా ఏలూరు ప్రాంతానికి వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ ద్వారా క్రీస్తును గురించి విన్నాడు. తిరిగివచ్చి తన బంధువులకు, తనను గురువుగా ఎంచినవారికి తాను విన్నది చెప్పాడు. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో నివాసం ఏర్పరచుకున్నాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమందే. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి పేరయ్య మాట విన్నవారు ఊరి వెలుపలి తోపులో గుమిగూడి ఎదురుచూస్తున్నారు. వారిలో 28 మంది బాప్తిస్మం పొందారు. మిషనరీ వెళ్లి బోధించగా జనం విన్నారని సాధారణంగా చెప్పే క్రమం ఇక్కడ తలకిందులైంది. విన్నవారు ముందే ఉన్నారు; మిషనరీ తరువాత వచ్చాడు.

పేరయ్య వృత్తాంతాన్ని క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువడిన తన గ్రంథంలో నమోదు చేసింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలుగా ఆమె ఆ గ్రంథానికి పేరు పెట్టడం అర్థవంతం. తోలు తడిపి, కోసి, కుట్టే పని నలుగురూ ఒకచోట కూర్చుని చేసేది; చేతులు పనిలో ఉంటే చెవులు ఖాళీగా ఉంటాయి. అయితే ఈ కథలు చెప్పినవారి మాటలు ఆంగ్లంలోకి, మిషనరీ కుటుంబపు దృష్టిలోకి మారిన తరువాతనే మనకు అందాయి. పేరయ్య సొంత తెలుగు ఎలా ఉండేదో ఆ గ్రంథం వల్ల ఊహించుకోవలసిందే. పేరయ్య మాట బంధువులకు చేరిన తీరులో అతని ఇంటి స్త్రీల పాత్ర ఏమిటన్నది ఇంకా తక్కువగా తెలుస్తుంది. వియ్యాలు, పురుళ్లు, చావులు అనే సందర్భాలలో ఊరి నుంచి ఊరికి కబురు మోసేవారు ముఖ్యంగా స్త్రీలే అయినప్పటికీ ఆ చరిత్ర పురుషుల పేర్లతోనే నిండి ఉంది.

మూడు నిషేధాలు

క్లౌ కొత్తగా చేరినవారికి నేర్పిన నియమాలు ప్రధానంగా మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. దూరం నుంచి చూస్తే ఇవి మతాచార విషయాలుగా మాత్రమే తోస్తాయి. నాటి పల్లె వ్యవస్థలో వాటి స్థానాన్ని గుర్తిస్తే చిత్రం వేరుగా ఉంటుంది.

చచ్చిన గొడ్డును ఊరి నుంచి తరలించడం మాదిగలపై ఉన్న బాధ్యత, వారికున్న హక్కు కూడా. తోలుతో రైతులకు చెప్పులు, మోటకు కావలసిన తోలు సామగ్రి సమకూర్చాలి. గ్రామదేవత జాతరలో డప్పు కొట్టాలి. అధికారులు వచ్చినప్పుడు వెట్టి చేయాలి. ప్రతిఫలంగా కళ్లంలో ధాన్యపు మేర దక్కేది. ఈ అల్లికలో ఒక్క పోగు తెంపినా ఊరంతటికీ తెలుస్తుంది. నాట్లు, కోతల కాలంలో ఆదివారం పనికి రామన్న కూలి, జాతర రోజున డప్పు చేతపట్టనన్న వాద్యగాడు నోరు విప్పి ఒక్క బోధవాక్యం చెప్పకపోయినా తాను మారినట్లు ఊరికి ప్రకటించినట్లే. కరణం, మునసబు, పెద్దరైతులు దీనిని ధిక్కారంగా గ్రహించడంలో ఆశ్చర్యం లేదు. నీళ్లకు అడ్డు, మేర నిలుపుదల, అబద్ధపు కేసులు, దెబ్బలు వంటి వేధింపులు ఆనాటి మిషను నివేదికలలో తరచుగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక చేదు విషయాన్ని విస్మరించరాదు. డప్పు వెట్టికి గుర్తు మాత్రమే కాదు. అది ఒక కళ, ఒక జాతి స్మృతి. దానిని విగ్రహారాధనతో ముడిపెట్టి వదిలించడంలో వెట్టితో పాటు విద్య కూడా కొంత పోయింది. ఇటీవలి దశాబ్దాలలో దళిత వేదాంత చింతన డప్పును తిరిగి ఆరాధనలోకి పిలిచింది. తాతలు సాక్ష్యంగా దించిన వాద్యాన్నే మనుమలు సాక్ష్యంగా ఎత్తుకోవడం పరస్పర విరుద్ధంగా తోచవచ్చు గాని, రెండు తరాలూ ఎదిరించినది ఒకే అవమానాన్ని.

కాలువ పని, గుండ్లకమ్మ

1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకున్నాడు. పూర్వం సర్వేయరుగా పని చేసిన అనుభవం అతనికి అక్కరకు వచ్చింది. సంఘ బోధకులే మేస్త్రీలుగా నిలిచారు. వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన కూలీలు పగలు మట్టి మోసి, విశ్రాంతి వేళల్లో వారి పక్కన కూర్చున్నారు. మేస్త్రీ అంటే తిట్టు, దెబ్బ, కూలిలో కోత అని ఎరిగినవారికి లెక్కప్రకారం కూలి ఇప్పించే మేస్త్రీ కొత్త అనుభవం. ఆకలి కోసం చేరుతున్నారన్న నింద రాకుండా క్లౌ ఆ కాలంలో బాప్తిస్మాలను నిలిపివేశాడు. సహాయం ఆగిన తరువాత కూడా జనం వెనుదిరగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

‘అన్నం కోసం క్రైస్తవులు’ అన్న ఆక్షేపణ ఈ సంఖ్యను వెన్నంటి వచ్చింది, నేటికీ వినిపిస్తుంది. వాస్కమ్ పికెట్ 1933లో ప్రచురించిన సామూహిక మతోద్యమాల అధ్యయనంలో తెలుగు ప్రాంతం కూడా ఉంది. మతం మారడానికి చెప్పిన కారణం కంటే, మారిన తరువాత లభించిన బోధ, క్రమబద్ధమైన ఆరాధన వారి జీవితాలను ఎక్కువగా నిర్ణయించాయని అతడు తేల్చాడు. ఉద్దేశాల స్వచ్ఛత గురించిన వాదం కన్నా ఇది పరిశోధకులకు ఉపయోగపడే ప్రశ్న. పైగా ఆకలిగొన్నవాడు అన్నం పెట్టిన చేతిని నమ్మడం లోపమెలా అవుతుందో ఆక్షేపకులు వివరించవలసి ఉంది.

సాయంకాలపు పాట

అక్షరం రాని సంఘానికి ఆరాధనే బడి. తెలుగు సంఘాలలో ఈ బడికి పాఠ్యగ్రంథం కీర్తనల పుస్తకమైంది. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో జన్మించి 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి రచించిన కీర్తనలు ఇందుకు ఉత్తమ నిదర్శనం. పల్లవి, అనుపల్లవి, చరణాల కట్టుబాటు, రాగతాళ నిర్దేశం తెలుగువారికి అలవడినవే. ఆంగ్ల స్వరాలకు తెలుగు మాటలు అతికించిన పాటలలో దీర్ఘాలు హ్రస్వాలై, హ్రస్వాలు దీర్ఘాలై నలిగిపోతే, ఈ కీర్తనలలో భాష తన నడక తాను నడిచింది. చదువు వచ్చిన ఒకడు ఒక పాదం చెబితే మిగిలినవారు అందుకోవడం భజన పద్ధతి. ఆ విధంగా నెలకొక కీర్తన కంఠస్థమైతే, ఏడాదికి ఒక చిన్న వేదాంత గ్రంథం నాలుక మీద నిలిచినట్లే. నేర్చినది మందిరంలో ఆగిపోలేదు. నాట్లలోను, కలుపు తీతలోను, దంపుళ్లలోను ఆ పాదాలు వినిపించాయి. పక్క చాలులో వంగిన కూలి క్రైస్తవురాలు కాకపోయినా పల్లవి అందుకోగలదు. ఆ అందుకోవడమే అనేక ఇళ్లలో తొలి పరిచయం.

ఈ పాటలు సముద్రం కూడా దాటాయి. నాటాలు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారిలో బాప్టిస్టులు ఉన్నారు. పాదిరి లేకపోయినా వారు కూడుకుని, తమకొక కాపరిని పంపమని స్వదేశానికి కబురంపారు. 1903లో తెలుగు బాప్టిస్టుల హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యను అక్కడికి పంపింది.

తలమీద చేయి

దోర్నకల్ మేత్రాసనంలో వి.ఎస్. అజరయ్య ఈ ప్రసారానికి ఒక క్రమాన్ని కల్పించాడు. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టి, తమిళ సంఘాల మిషనరీగా దోర్నకల్ చేరి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయినవాడు అజరయ్య. బాప్తిస్మం పొందినవారు తలమీద చేయి ఉంచుకుని, సువార్తను ప్రకటించకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకాలని ఆయన నేర్పాడు. నిన్నటి వరకూ ఊరిలో నోరెత్తరాని వ్యక్తి ప్రకటించే బాధ్యతను తలకెత్తుకోవడం ఆ చిన్న క్రియలో ఉన్న అసలు విశేషం.

ఆ మేత్రాసనంలోని పల్లెలలో పొలం నుంచి తిరిగివచ్చిన తరువాత సాయంత్రపు ఆరాధన నిత్యకృత్యం. వంటకు తీసిన బియ్యంలో పిడికెడు పక్కన పెట్టి సంఘానికి తెచ్చే అలవాటును స్త్రీలు పాటించారు. పంచినదానిని పుచ్చుకోవడమే తెలిసిన ఇల్లు ఇచ్చే ఇల్లుగా మారడానికి ఆ పిడికెడు చాలు. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన దోర్నకల్ ప్రధానాలయం దేవాలయ, మసీదు శైలులను కలుపుకొని నిలవడం కూడా ఇదే దృష్టికి రాతిరూపం.

1920ల నుంచి మాల, మాదిగలు కాని వ్యవసాయ కులాలవారు కూడా చెప్పుకోదగ్గ సంఖ్యలో ఈ ప్రాంతపు సంఘాలలో చేరారు. తమ పాలేర్ల జీవితంలో కనిపించిన మార్పే తమను కదిలించిందని వారిలో పలువురు చెప్పారన్నది పికెట్, అజరయ్య ఇద్దరూ నొక్కిచెప్పిన అంశం. తాగుడు తగ్గింది, ఇల్లు శుభ్రపడింది, పిల్లలు బడికి వెళ్తున్నారు. ఈ వివరణలో మిషనరీ సంతృప్తి కొంత తొంగిచూస్తుంది. అయినా సామాజికంగా కింద ఉన్నవారి నడవడి పైవారికి ప్రమాణమైందన్న విషయం తెలుగు సమాజ చరిత్రలో అరుదైనదే.

గులాబీ, మాట, చట్టం

1930లలో గాంధీజీ మిషనరీలతో చర్చిస్తూ, గులాబీ తన పరిమళాన్ని గురించి ప్రసంగించదని, విశ్వాసం కూడా అలాగే జీవితం ద్వారా మాత్రమే వ్యాపించాలని వాదించాడు. దళితుల మత మార్పిడిని ఆయన తీవ్రంగా వ్యతిరేకించాడు. అజరయ్యతో ఆయనకు ఏర్పడిన విభేదానికి మూలం ఇదే. జీవితం సాక్ష్యమనడంలో ఇద్దరికీ భేదం లేదు. ఆ జీవితాన్ని చూసి ‘నేనూ రావచ్చునా?’ అని అడిగిన పొరుగువాడికి ఏమి చెప్పాలన్నదే తగవు. డప్పు వదిలిన వాద్యగాడి ఉదాహరణ గాంధీజీ ఉపమానానికి ఒక ఇబ్బంది కలిగిస్తుంది. పల్లెలో అతని మౌనం పరిమళంగా కాక తిరుగుబాటుగా వినబడింది; ఎందుకు మానావని అడిగితే కారణం చెప్పక తప్పలేదు.

రాజ్యాంగపు 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసే స్వేచ్ఛను గుర్తించింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఈ స్వేచ్ఛలో తన మత సిద్ధాంతాలను వివరించే హక్కు ఉంది గాని మరొకరిని మతం మార్పించే హక్కు లేదని తీర్పు చెప్పింది. చట్టం వివరణను, మార్పించడాన్ని వేరు చేయగలదు. కలుపు తీసే చాలులో అందుకున్న పల్లవి ఏ వైపున పడుతుందో చెప్పడం అంత సులభం కాదు.

నేటి సంఘాలకు ఇంతకంటే దగ్గరి చిక్కు మరొకటి ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినా క్రైస్తవులు వెలుపలనే ఉన్నారు. తెలుగు రాష్ట్రాలలో వారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గం కిందికి వస్తారు. ఫలితంగా ఆదివారం మందిరంలో కీర్తన పాడే కుటుంబం కళాశాల దరఖాస్తులో మరొక మతం పేరు రాయవలసిన స్థితి పల్లెలలో సాధారణమైంది. లూక్, కార్మన్ 1968లో ప్రచురించిన మెదక్ ప్రాంత అధ్యయనం క్రైస్తవ కుటుంబాలు గ్రామదేవత ఉత్సవాలకు పూర్తిగా దూరం కాలేదని చూపింది. అక్కడ రెండు లోకాల నడుమ గీత ఆచారంలో చెరిగింది. ఇక్కడ అది కాగితంపై చెరుగుతున్నది. ఒక ఇంటిలో తల్లి గృహప్రార్థనకు ఇరుగుపొరుగును పిలుస్తుంది. అదే ఇంటిలో కొడుకు ధ్రువపత్రం పోతుందన్న భయంతో వీధి తలుపు దగ్గరగా వేస్తాడు. పాట మాత్రం తలుపు సందులోంచి వీధికి వినబడుతూనే ఉంటుంది.