లారీచట్రము వంగినయెడల

మన సంఘపు పాత లారీ నిరుటి కోతలకాలమున కాలువగట్టు దిగుచు ముందరి కుడిచక్రముతో తూములో పడిన సంగతి సభ్యు లెఱుగుదురు. నాటినుండి కుడితలుపు సరిగా పడదయ్యెను. బానెట్టు ఒకప్రక్క బొటనవ్రేలు దూరునంత సందు చూపుచుండెను. మేము తొందరపడి రేకుపనివానిచే తలుపు కొట్టించి, మడతబందులు మార్పించి, రంగుకూడ వేయించితిమి. వడ్లబస్తాలు ఎత్తిననాడే తలుపు మరల బిగిసెను. ఆ ఖర్చంతయు వృథ. దోషము రేకులో లేదు, దానిని మోయుచున్న చట్రములో నున్నది.

లారీచట్రము నిచ్చెనవంటిది: రెండు పొడవాటి ఉక్కుదూలములు, వాని నడుమ అడ్డదూలములు. మంచపుపట్టె వంకరపోయినదో లేదో చూచుటకు వడ్రంగి మూలనుండి మూలకు త్రాడు పట్టును గదా. ఇక్కడను అదియే విధము. బండిని సమమైన నేలపై నిలిపి, రెండు దూలములకును జతజతగానున్న రంధ్రములను గుర్తించి, ఒక్కొక్కదానినుండి తాపీవారి తూకపుగుండు వ్రేలాడదీసి, నేలపై సున్నముతో చుక్క పెట్టవలెను. పిమ్మట ఆ చుక్కలను మూలమూలకు కొలువవలెను. మా లారీలో ఒక మూలకొలతకంటె రెండవది 18 మిల్లీమీటర్లు హెచ్చు. అనగా కుడిదూలము వెనుకకు నెట్టబడినది. దూలము నడుమ క్రుంగినదో లేదో తెలియుటకు ప్రక్కనుండి త్రాడు లాగి చూడవలెను.

దీనిని సరిచేయుట ఇంటిపని కాదు. నేలలో పాతిన కొక్కెములు, గొలుసులు, హైడ్రాలిక్ జాకీలు గల కార్ఖానాకు పంపవలసినదే. కాని అచ్చట ఏమి చేయనీయరాదో మనకు తెలిసియుండవలెను. ఎఱ్ఱగా కాల్చి వంచెదమని పనివాడు చెప్పగా మేము ఒప్పుకొనలేదు. పదునుచేసిన ఉక్కు కాలినచోట బలము కోల్పోవును. చల్లగానే లాగవలెను. విడిచినపుడు ఉక్కు కొంత వెనుకకు పోవును గావున, కావలసినదానికంటె ఇంచుక ఎక్కువ లాగి, విడిచి, కొలిచి, మరల లాగవలెను. ఆ సమయమున గొలుసు కెదురుగా ఎవ్వరును నిలువరాదు. తెగిన గొలుసు ప్రాణము తీయును. బీట యున్నచో దాని కొనయందు చిన్నరంధ్రము వేసి అటుపిమ్మట వెల్డింగు చేయింపవలెను. దూలపు పైయంచునకుగాని క్రిందియంచునకుగాని కొత్తరంధ్రములు వేయనీయరాదు. బరువు వలని లాగుడు, నొక్కుడు ఆ యంచులమీదనే హెచ్చుగా నుండును. వెల్డింగునకు ముందు బాటరీతీగలు విప్పించి, డీజిలు టాంకి దింపించితిమి.

చట్రము కుదిరిన తరువాతనే రేకుపని. క్యాబిను క్రింది రబ్బరుదిండ్లు మావి చితికియుండెను. కొత్తవి వేయించి, బోల్టులు వదులుగా నుంచి, మొదట తలుపులు, పిమ్మట మడ్‌గార్డులు, కడపట బానెట్టు సందులు చూచుకొనుచు బిళ్లలు వేసి బిగించిరి. బానెట్టుతో మొదలిడినచో అంతయు రెండవమారు విప్పవలసివచ్చును.

పిదప కార్ఖానా ముంగిట నీళ్లు చల్లించి బండిని తిన్నగా నడిపించితిమి. వెనుకచక్రముల జాడ ముందువానికి మూడువ్రేళ్లు ఎడమకు తొలగి పడెను! చూడగా వెనుక కమానుకట్ట నడిమిబోల్టు తెగి ఇరుసు జరిగియున్నది. అదియు మార్పించి మరల నడిపింపగా జాడలు కుదిరినవి. ఇప్పుడు నిండుబరువుతోకూడ తలుపు ఒక్కచేతి త్రోపునకే పడుచున్నది.