పాత లెవెల్ మిషన్ కొంటున్నారా? ముందు రెండు గూటాలు పాతి చూడండి



ఈసారి పురుగు గురించి కాదు, పురుగుకి మేతనిచ్చే నేల గురించి రాస్తున్నాం. సింధనూరు, మాన్వి, రాయచూరు వైపు క్యాంపుల్లో ఉన్న మన గ్రూపు వాళ్లు కొందరు ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: "సొంత పొలం పనికి సర్వే మిషన్ పాతది ఒకటి కొనుక్కుందామనుకుంటున్నాం, ఏది కొనాలి?" మేము ముగ్గురం కలిసి అలాంటిదే కొని దెబ్బతిన్నాం. అందుకే ముందు మా కథ, తర్వాత లెక్క.

*మాకేం జరిగింది*

మాది నల్లరేగడి. వానాకాలంలో మల్బరీలో నీళ్లు నిలుస్తున్నాయని, బయటికి పోయేలా ఒక కాలువ తీద్దామనుకున్నాం. పాత ఆటో లెవెల్ ఒకటి కొన్నాం. పెట్టె బాగుంది, అద్దం మెరుస్తోంది, ఇంకేం కావాలి అనుకున్నాం. తోట ఒక చివర స్టాండు వేసి, 60 మీటర్ల అవతల స్టాఫ్ పట్టించాం. అవతలి చివర 10 సెంటీమీటర్లు పల్లంగా ఉందని చూపించింది. ఆ వాలు చాల్లే అని, నేల ఎలా ఉందో అలాగే ఒకే లోతులో కాలువ తవ్వించాం.

మొదటి పెద్ద వానకి నీళ్లు ముందుకి పోలేదు. వెనక్కి తన్ని వి-1 సాళ్లలోనే నిలబడ్డాయి. ఆ మూల మొక్కలకి వేరుకుళ్లు వచ్చింది. ఆకు చాలక తర్వాతి పంటకి గుడ్లు తగ్గించి పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మిషన్‌ని పరీక్ష చేస్తే తేలింది: 60 మీటర్ల దూరానికి అది 11 సెంటీమీటర్లు తప్పు చూపిస్తోంది. 10 సెంటీమీటర్ల వాలు అనుకున్నది నిజానికి 1 సెంటీమీటరు ఎదురువాలు. లోపలి అడ్డగీతని పట్టి ఉంచే స్క్రూని ఎవరో తిప్పేశారు. ఆ పరీక్ష కొనేముందు చేసుంటే పావుగంట పని.

*ముందు మీ పనేంటో తేల్చుకోండి*

మిషన్ చూడకముందే పని చూడండి. మనకి సాధారణంగా వచ్చే పనులు నాలుగు.

1. షెడ్డు పునాది, నేల మట్టం: 50, 60 అడుగుల షెడ్డుకి మిషనే అక్కర్లేదు. మేస్త్రీలు వాడే నీటి ట్యూబు చాలు. లోపల గాలి బుడగ లేకుండా నింపుకోవాలి, అంతే. నేల కడిగినప్పుడు నీళ్లు బయటికి పోవాలంటే 100 అడుగులకి 1 అడుగు, అంటే 50 అడుగుల షెడ్డుకి 6 అంగుళాల వాలు ఇచ్చుకోండి. మూలమట్టానికి 3-4-5 లెక్క ఉండనే ఉంది. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా పెట్టుకోవడానికి ఫోనులో దిక్సూచి సరిపోతుంది.

2. మురుగు కాలువ, నేల చదును, డ్రిప్ లైను: ఇక్కడే ఆటో లెవెల్ పనికొస్తుంది. డ్రిప్ సంగతి చూడండి. 10 మీటర్ల ఎత్తు నీళ్లంటే సుమారు 1 కిలో ప్రెషర్. మామూలు డ్రిప్పర్లు 1 కిలో దగ్గర నడుస్తుంటే, 2 మీటర్లు ఎత్తుగా ఉన్న చోట ప్రెషర్ ఐదో వంతు, కారే నీళ్లు దాదాపు పదో వంతు తగ్గుతాయి. మెయిన్ లైను ఎత్తు వైపు నుంచి వెయ్యాలా, పల్లం వైపు నుంచా అనేది ముందే తెలిస్తే ఆకు అంతటా ఒకేలా వస్తుంది.

3. విస్తీర్ణం కొలవడం: దీనికి మంచి టేపు చాలు. మన దగ్గర గుంట అంటే 33 అడుగులు పొడవు, 33 అడుగులు వెడల్పు, అంటే 1,089 చదరపు అడుగులు. 40 గుంటలు ఒక ఎకరం. పాత ఇనప గొలుసు కొనేటట్టయితే కొత్త స్టీలు టేపు పక్కన పరిచి చూడండి. లింకులు సాగి 30 మీటర్ల గొలుసు 15 సెంటీమీటర్లు పొడవైందనుకోండి, 300 మీటర్ల పొలాన్ని అది 298.5 మీటర్లే చూపిస్తుంది. నేల ఉన్నంతే ఉంటుంది, లెక్కలో మాత్రం తగ్గుతుంది.

4. గట్టు తగాదా: దీనికి ఏ మిషనూ కొనొద్దు. ఎందుకో కింద చెప్తాం.

థియోడోలైట్ కోణాలు కొలిచేది. టోటల్ స్టేషన్ కోణం, దూరం, ఎత్తు అన్నీ చెప్తుంది, కానీ పాతదానికి బ్యాటరీ, రిపేరు ఖర్చులు తప్పవు, నేర్చుకోవడానికీ టైం పడుతుంది. మన పనికి ఈ రెండూ ఎక్కువే. పాత డంపీ లెవెల్ చవగ్గా దొరుకుతుంది గానీ ప్రతిసారీ జాగ్రత్తగా మట్టం సరిచేసుకోవాలి. ఆటో లెవెల్లో చిన్న గుండ్రటి బబుల్ మధ్యలోకి తెస్తే చాలు, మిగతాది లోపలి కాంపెన్సేటర్ చూసుకుంటుంది. 24 రెట్లు పెద్దగా చూపించేదైనా మన పొలాలకి సరిపోతుంది. 32 రెట్లది కావాలని ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

*కొనేముందు చేసే పరీక్షలు*

మొదటిది, అద్దం. టార్చి వేసి లోపలికి చూడండి. దారాల్లా, సాలెగూడులా కనిపిస్తే అది బూజు. వదిలేయండి.

రెండోది, స్టాండు, స్టాఫ్. స్టాండు కాళ్లు నేలలో గుచ్చి, తల పట్టుకుని ఊపండి. కీళ్లు ఆడితే మిషన్ ఎంత మంచిదైనా లాభం లేదు. స్టాఫ్ పూర్తిగా సాగదీసి, అతుకుల దగ్గర అంకెలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో టేపు పెట్టి చూడండి.

మూడోది, బబుల్. మధ్యలోకి తెచ్చి మిషన్‌ని సగం చుట్టు తిప్పండి. బబుల్ అక్కడే ఉండాలి.

నాలుగోది, కాంపెన్సేటర్. స్టాఫ్ మీద అంకె చదవండి. స్టాండు కాలిని వేలితో మెల్లగా తట్టండి. గీత ఊగి మళ్లీ అదే అంకె మీద ఆగాలి. ఊగకపోయినా, వేరే అంకె మీద ఆగినా లోపల ఇరుక్కుందని అర్థం. కొనొద్దు.

ఐదోది, అసలైనది, రెండు గూటాల పరీక్ష.

60 మీటర్ల దూరంలో రెండు గూటాలు పాతండి. వాటిని అ, ఆ అనుకుందాం. మిషన్ సరిగ్గా మధ్యలో, 30 మీటర్ల దగ్గర పెట్టి రెండు గూటాల మీదా స్టాఫ్ చదవండి. అ దగ్గర 1.420, ఆ దగ్గర 1.655 వచ్చిందనుకోండి. తేడా 0.235 మీటర్లు. ఇదే నిజమైన తేడా. మిషన్ చూపు పైకో కిందికో వాలి ఉన్నా, రెండు వైపులా ఒకే దూరం కాబట్టి తప్పు కూడా రెండింట్లో ఒకటే. తీసివేతలో అది పోతుంది.

ఇప్పుడు మిషన్‌ని అ గూటానికి రెండు మీటర్ల దగ్గరికి తెచ్చి మళ్లీ చదవండి. అ దగ్గర 1.380 వస్తే, ఆ దగ్గర దానికి 0.235 కలిపి 1.615 రావాలి. 1.617 వచ్చిందంటే 2 మిల్లీమీటర్ల తేడా, మన పనికి బంగారంలాంటి మిషన్. 1.645 వస్తే 3 సెంటీమీటర్లు, అంటే అంగుళం పైనే తప్పు. అలాంటిదాన్ని సర్వీసు చేయించి సరిచేయించొచ్చు. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి, సరిచేశాక మళ్లీ ఇదే పరీక్ష చెయ్యండి. షాపు ముందు 60 మీటర్లు దొరక్కపోతే 30 మీటర్లతోనైనా చెయ్యండి.

మేము నేర్చుకున్న ఇంకో సంగతి. తప్పు మిషన్‌దే కాదు, మాది కూడా. కాంపెన్సేటర్ బాగున్నంత వరకు, స్టాండు తోట చివర కాకుండా మధ్యలో వేసుంటే ఆ మిషనే సరైన లెక్క చెప్పేది. మీది ఎంత మంచి మిషనైనా రెండు వైపులా దూరం సమానంగా పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

*బిల్లు, భద్రం*

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. మిషన్ మీద నంబరు గీకేసి ఉంటే ఎంత చవకైనా వద్దు, అది దొంగ సరుకు కావచ్చు.

కొన్నాక షెడ్డులో మాత్రం పెట్టొద్దు. పురుగు గదిలో తేమ ఎక్కువ, పంటకీ పంటకీ మధ్య బ్లీచింగ్, సున్నం వాడతాం. తేమకి అద్దం బూజు పడుతుంది, బ్లీచింగ్ ఆవిరికి లోహం తింటుంది. ఇంట్లో పొడి చోట పెట్టెలో ఉంచండి.

ఏడాదికి ఒకటి రెండు రోజుల పనే అయితే కొనకండి, అద్దెకి తెచ్చుకోండి. లేదంటే నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి.

*గట్టు సంగతి*

రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. గట్టు ఎక్కడన్నది మన మిషన్ చెప్పదు, సర్వే ఆఫీసులో ఉన్న టిప్పన్, ఆకార్‌బంద్ లాంటి రికార్డులు చెప్తాయి. ఆటో లెవెల్ ఎత్తుపల్లాలు చూపిస్తుంది గానీ హద్దు చూపించదు. దిశాంక్ యాప్‌లో ఏ సర్వే నంబర్లో నిలబడ్డామో తెలుస్తుంది, కానీ ఫోను కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపించొచ్చు. 100 మీటర్ల గట్టు 5 మీటర్లు జరిగిందంటే 500 చదరపు మీటర్లు, దాదాపు 5 గుంటలు. ఆ లెక్క పట్టుకుని పక్క రైతుతో గొడవ పెట్టుకోకండి. హద్దుబస్తుకి అర్జీ పెట్టి, సర్కారు సర్వేయరు చేత, పక్కవాళ్ల ఎదుటే కొలిపించండి. సర్వే నంబర్లో కొంత భాగం అమ్మాలన్నా కొనాలన్నా 11ఇ నక్ష కావాలి, అదీ అక్కడే. హద్దు రాయిని మనమే కదిలించడం నేరం, మర్చిపోకండి.

మా కాలువ ఈసారి మధ్యలో స్టాండు వేసి, మళ్లీ కొలిచి తవ్వించాం. ఇప్పుడు వాన నీళ్లు బయటికి పోతున్నాయి. పోయిన మూలలో మళ్లీ నారు పెట్టాం. మీ దగ్గర పాత లెవెల్ ఉంటే ఈ ఆదివారం రెండు గూటాలు పాతి చూడండి. వచ్చిన నాలుగు అంకెలూ గ్రూపులో పెట్టండి, లెక్క కలిసి చూద్దాం.