మీకు తెలుసా? మణుగూరు కింద ఓ పాత పగులు

● మణుగూరుకు బొగ్గునిచ్చిందీ, భూకంప భయం పెట్టిందీ ఒకటే. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ నేల రెండు పొడవాటి పగుళ్ల మధ్య కుంగింది. ఆ పల్లంలో పూడుకుపోయిన అడవులే ఇవాళ ఓపెన్‌కాస్ట్ గనుల్లో తవ్వుతున్న బొగ్గు. ప్రాణహిత నుంచి భద్రాచలం దాకా గోదారి నడకా ఆ పల్లం వెంబడే.

● 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతాన్ని 5.7 తీవ్రతతో భూకంపం కుదిపింది. 2002 నాటి భూకంప పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో ఉంటే, ఈ గోదారి లోయ మూడో జోన్‌లో ఉంది. జోన్ అంకె పెరిగితే ముప్పూ పెరిగినట్టే.

● 2024 డిసెంబర్ 4, ఉదయం 7:27. ములుగు అడవుల కింద 5.3 తీవ్రతతో మళ్లీ కదలిక. హైదరాబాద్‌లోనూ ఇళ్లలో గిన్నెలు గలగలమన్నాయి. అంత దూరం తెలిసినా పెద్ద నష్టం జరగలేదు. భూకంప కేంద్రం దాదాపు 40 కిలోమీటర్ల లోతున ఉండటం మనకు కలిసొచ్చింది.

● ఆ ఏడాది ఆగస్టు 31న అక్కడి తాడ్వాయి అడవిలో గాలివాన వేల చెట్లను పడగొట్టింది. మూడు నెలలకే భూకంపం రావడంతో కొందరు రెండింటికీ ముడిపెట్టారు. చెట్లను కూల్చింది నేల మీది గాలి. నేలను కదిపింది 40 కిలోమీటర్ల కిందున్న రాయి.

● మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నీళ్లు వేడిగా వస్తాయి. అగ్నిపర్వతమేమీ లేదు. లోతుకు దిగి కాగిన నీరు పగుళ్ల గుండా పైకొస్తుంది, అంతే. ఆ వేడితో కరెంటు తీయడానికి సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు చేపట్టింది. అంటే అయిదు హెచ్‌పీ మోటార్లు ఓ అయిదు నడిచేంత!

● ఇక ఆ పగుళ్ల పల్లంలో పారే గోదారి సంగతి. భద్రాచలంలో అది 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. 2022లో 71.3 అడుగుల వరద మాత్రం ఆగస్టు దాకా ఆగకుండా జులైలోనే వచ్చిపడింది.

● 2013 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా వాజేడులో ఒక్కరోజు 517.5 మిల్లీమీటర్ల వాన పడింది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేట 649.8తో దాన్ని దాటేసింది. చదరపు మీటరు వాకిలి ఉంటే, అందులో దాదాపు 650 లీటర్లు పోసినట్టు. పదిహేను లీటర్ల బిందెలైతే 43!

● ఇలాంటి కుంభవృష్టి ఎందుకు పెరుగుతోంది? పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ఓ లెక్క తేల్చింది. 1950-2015 మధ్య, మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వర్షాలు మూడింతలయ్యాయి. వేడెక్కిన అరేబియా సముద్రం మీదుగా వచ్చే గాలులు ఎక్కువ తేమ మోసుకొస్తున్నాయట.

● మణుగూరులో ఎండ కాస్తున్నా గోదారి పెరగొచ్చు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ వానలు ప్రాణహిత, ఇంద్రావతి మీదుగా దిగొస్తాయి. కిందనేమో కూనవరం దగ్గర శబరి పోటెత్తితే, భద్రాచలంలో నీరు తొందరగా తీయదు. అందుకే వరద రోజుల్లో ఇక్కడివాళ్లు ఆకాశం చూసి ఊరుకోకూడదు, “ఎగువన పేరూరులో ఎంతుంది?” అని కూడా అడగాలి.